తొమ్మిదో ప్రశ్న

ఆవిణ్ణి పడేసింది మీరే. నేల తడిగా లేదు, చెప్పులు అరిగిపోలేదు, కళ్లు తిరగలేదు, వయసు వెనకనుంచి వచ్చి తొయ్యలేదు. నడుస్తున్న మనిషిని ప్రశ్నలు అడిగి పడేశారు. మీ లెక్క ప్రకారం పదకొండు అడగాలి కదా, తొమ్మిదో దానికి ఆవిడ నేల మీద ఉంది, మిగిలిన రెండూ స్ట్రెచర్ మీద పడుకోబెట్టి అడిగారు. ఇదీ నేను పదకొండు గంటలకు ఆ చివరి గదిలో సూపరింటెండెంటు మొహం మీద చెప్పబోయే మొదటి మాట. ఇప్పుడు పదీ పది. ఆసుపత్రి గేటు పక్కన ఇనుప బెంచీ మీద కూర్చున్నాను. సంచీ ఒళ్లో ఉంది, సంచీలో కాగితం ఉంది, కాగితంలో ఒక వాక్యం ఉంది. "రోగి నడిచేటప్పుడు తన అజాగ్రత్త వలన పడిపోయినది." కింద గీత గీసి చిన్న అడ్డగుర్తు పెట్టారు, అక్కడ ఆవిడ సంతకం చేయాలట. ఆవిడంటే మా వదిన, మా అన్న భార్య, నాకంటే మూడేళ్లు పెద్ద. పై అంతస్తులో ఆరో నంబరు మంచం మీద తుంటిలో రాడ్డుతో పడుకుని ఉంది. డెబ్బై ఒక్కేళ్లదాన్ని, నన్ను ఇంకా పిల్లా అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఆవిడొక్కతే. పొద్దున నేను వెళ్లేసరికి పెన్ను చేతిలో పట్టుకుని ఉంది. "పెట్టేస్తే పోలా పిల్లా, తప్పు నాదేగా, నడిచేదాన్ని నడవకుండా ఆ అమ్మాయి మొహం చూడబోయాను." పెన్ను లాక్కున్నాను, కాగితం లాక్కున్నాను. "మంచం మీద ఉన్నావు కాబట్టి బతికిపోయావు, లేకపోతే ఈ మాటకి వీపు మీద ఒకటిచ్చేదాన్ని" అన్నాను. "ఇద్దువుగానిలే, ముందు నీ మోకాళ్లు వంగనీ" అంది. నవ్వింది. నవ్వితే తుంటిలో నొప్పి, అందుకని సగంలో ఆపేసింది. సూపరింటెండెంటు గారూ, ఆగిపోయిన ఆ సగం నవ్వుక్కూడా మీరే జవాబు చెప్పాలి.

ఎదురుగా వరండా. పొడుగ్గా, తెల్లగా, ఫినాయిల్ వాసనతో. నూట ఆరు టైల్స్, ఈ తొమ్మిది రోజుల్లో మూడుసార్లు లెక్కపెట్టాను. గేటు నుంచి డాక్టర్ల గదుల దాకా నేల మీద నీలం గీత. గోడకు బోర్డు, "నడక నమోదు: మీ నడక సమయం ఇక వృథా కాదు." ఇంతకుముందు గేటు దగ్గర కౌంటరు ఉండేది, దాని ముందు కుర్చీలు ఉండేవి, కూర్చుని పేరు చెప్పి, ఊపిరి తీసుకుని లేచేవాళ్లం. నాలుగు నెలల కింద కుర్చీలు ఎత్తేశారు. ఊదారంగు కోట్లు వేసి ఆరుగురు ఆడవాళ్లను నిలబెట్టారు, చేతిలో ట్యాబు, మొహానికి మాస్కు. మనిషి గేటు దాటగానే పక్కన చేరి మోచెయ్యి పట్టుకుని నడిపిస్తూ అడుగుతారు. పేరు, వయసు, ఏం నొప్పి, ఎన్నాళ్లుగా, ఏం మందులు. రోగికి ఎనిమిది నిమిషాలు మిగులుతున్నాయని పేపర్లో వేయించుకున్నారు. ఆ మిగిలిన ఎనిమిది నిమిషాలూ డాక్టరు గది ముందు గంటన్నర క్యూలో నిలబడటానికి పనికొస్తున్నాయి, మంచిదే.

ఇదిగో, ఇప్పుడే ఒక పెద్దాయన వచ్చాడు. చేతిలో గొడుగు, బయట చినుకు కూడా లేదు, కర్ర పట్టుకోవడం నామోషీ అయితే మగవాళ్లు గొడుగు పట్టుకుంటారు. ఊదా కోటు పక్కన చేరింది. మూడు ప్రశ్నలదాకా బాగానే నడిచాడు, పేరు, ఊరు, వయసు, అవి నాలుక మీదే ఉంటాయి. "ఏమేం మందులు వాడుతున్నారు పెద్దనాన్నా?" ఆయన ఆగాడు. గొడుగు నేలకు ఆనించి, కళ్లు పైకెత్తి, "తెల్లవి రెండు, పొద్దున... కాదు..." ఆగమని ఆయనకెవరూ చెప్పలేదు. ఒళ్లే ఆగింది. ఒంటికి తెలుసు. "నడవండి నడవండి, నడుస్తూ చెప్పండి, వెనక జనం ఉన్నారు." మోచెయ్యి ముందుకు లాగింది. ఆయన నడిచాడు, మందుల పేర్లు వెతుక్కుంటూ. అడుగులు సగమయ్యాయి. గీత మీద నడుస్తున్న మనిషి గీతకు ఎడమకి పోయాడు, మళ్లీ కుడికి వచ్చాడు, గొడుగు ఒకచోట దిగుతుంటే కాలు ఇంకోచోట దిగుతోంది. పడలేదు. మలుపు దాటాడు. పడనివాళ్లను చూపించే కదా మీరు అనేది, ఇంతమంది నడుస్తున్నారు, మీ వదినకే ఏమొచ్చింది అని.

నడక సమయం వృథా. ఈ ముక్క నాకు పాతదే, నలభై ఐదేళ్ల కిందటిది. నూలు మిల్లు. తెల్లటి దూది పొగమంచులా గాల్లో, కనుబొమల మీద దూది, ముక్కులో దూది, వరసలు వరసలుగా ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకు నాలుగు వందల కదుళ్లు. మా పని నడవడం. ఫ్రేము వెంట నడుస్తూ, ఎక్కడ పోగు తెగిందో చూస్తూ, తెగినచోట రెండు వేళ్లతో అతుకుతూ మళ్లీ నడవడం. మా వదిన వేళ్లకు కళ్లుండేవి. పోగు తెగుతుందని ముందే తెలిసినట్టు అక్కడికి చేరేది. షిఫ్టుకు ఎన్ని మైళ్లు నడిచేదో ఎవరూ కొలవలేదు, పోగులు మాత్రం కొలిచేవాళ్లు. మనిషికి రెండు ఫ్రేములుండేవి, ఒక పొద్దున మేస్త్రీ వచ్చి నాలుగు అన్నాడు. ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకు నడిచేటప్పుడు మీ కళ్లు ఖాళీయేగా, చేతులు ఖాళీయేగా, ఆ ఖాళీలో ఇంకో రెండు చూడొచ్చు అన్నాడు. నేను బాబిన్ల బుట్ట నేలకేసి కొట్టాను. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, ఉపన్యాసాలు రావు, అరవడం వచ్చు. మిల్లులో నన్ను సైరన్ అనేవాళ్లు, అసలు సైరన్ చెడిపోయిన రోజున షిఫ్టు దింపడానికి నన్ను అరవమన్నారు, అబద్ధమైతే మా వదినను అడగండి. పదకొండు రోజులు గేటు బయట కూర్చున్నాం. నాలుగు అన్నది మూడు దగ్గర ఆగింది. ఆ మేస్త్రీ ఎప్పుడో పోయుంటాడు. ఆయన బుర్ర మాత్రం పోలేదు, బతికి బట్టకట్టి, చదువుకుని, ఈ వరండాలో బోర్డై వేలాడుతోంది. మనిషి నడుస్తుంటే వీళ్లకు ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ అంటే ఏదో ఒకటి కుక్కాలి.

మిల్లులో చెవులు పనికిరావు. ఆ హోరులో పక్కమనిషి గొంతు చించుకున్నా వినపడదు. అందుకని పెదాలు చదవడం నేర్చుకున్నాం, ఎవరూ నేర్పలేదు. ఫ్రేముకు అటువైపు నుంచి మా వదిన "బిడ్డకు జ్వరం తగ్గిందా" అని అడిగితే ఇటువైపు నుంచి నేను "రాత్రి పాలు తాగాడు" అని చెప్పేదాన్ని, గొంతులో శబ్దం లేకుండా, ఉత్త పెదాలతో. మేస్త్రీని ఆయన ఎదురుగానే తిట్టుకునేవాళ్లం, ఆ సుఖం ఇంకే ఉద్యోగంలోనూ ఉండదు. ముప్ఫై ఏళ్లు. మిల్లు మూతపడింది, ఆ అలవాటు మూతపడలేదు. ఇప్పటికీ మాలో ఎవర్ని ఏం అడిగినా ముందు మెడ తిరుగుతుంది, కళ్లు నోటి మీదికి వెళ్తాయి. చూస్తే తప్ప వినం మేం.

ఆ రోజు నేను ముందు వెళ్లిపోయాను. డాక్టరు గది ముందు క్యూలో చోటు పట్టాలని. ఇది చెప్పుకోవాల్సిన మాట, చెప్పుకుంటున్నాను. "నువ్వు మెల్లగా రా, నేను లైన్లో ఉంటా" అన్నాను. ఆవిడ గేటు దాటింది, ఊదా కోటు మోచెయ్యి పట్టుకుంది, మోచెయ్యి కుడివైపుది, ప్రశ్నలు కుడి చెవిలో. ఒకటి, రెండు, మూడు. ప్రతి ప్రశ్నకూ మెడ కుడికి తిరగడం, నోరు వెతుక్కోవడం, నోటికి అడ్డంగా గుడ్డ. పెదాలు లేవు. చదవడానికి ఏమీ లేదు. కళ్లలోకి చూసి పోల్చుకోవాలి, గొంతు వినాలి, మాట ఏరుకోవాలి, జవాబు వెతకాలి, కాళ్లు వెయ్యాలి. రెండుసార్లు ఆగబోయింది. ఆవిడే చెప్పింది నాకు, ఆగబోయాను పిల్లా, కానీ ఆ అమ్మాయి పాపం తొందరలో ఉంది, బాగోదని నడిచాను అని. తొమ్మిదో ప్రశ్న, "అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి? నంబరు చెప్పండి." ఎవరి నంబరు? నాది. ఇరవై ఏళ్లుగా ఉన్న పాత నంబరైతే ఆవిడ నిద్రలో కూడా చెప్పేది. పోయిన నెల మార్చాను, అర్జీలు రాసిపెట్టమని పొద్దస్తమానం ఫోన్లు వస్తున్నాయని, ప్రశాంతత కావాలని. పెద్ద ప్రశాంతత. కొత్త నంబరు ఆవిడ వేళ్ల మీద నేర్చుకుంటోంది, రోజూ నాకు అప్పజెప్పేది. ఏడు అంకెలు చెప్పిందట. ఎనిమిదోది వెతుక్కుంటూ ఆ గుడ్డ వైపు చూసిందట, అక్కడేమైనా రాసుంటుందేమో అన్నట్టు. అరవై మూడో టైలు. నేను లైన్లో ఉన్నాను. చప్పుడు వినలేదు. జనం మెడలన్నీ ఒకేసారి తిరగడం చూశాను, అంతే.

ఎవరో ఊదా కోటు ఆవిడకి నీళ్లు తాగించారు. వదినకి ఎవరూ తాగించలేదు, ఆపరేషన్ ఉండొచ్చు వద్దన్నారు. ఇదెందుకు గుర్తుంది నాకు.

పైన వ్యాయామాల గదిలో ఒకాయన ఉన్నాడు, చేతిలోంచి స్టాప్‌వాచ్ దించడు, వదిన ఆయనకు గడియారం అని పేరు పెట్టింది. ఎదురుగానే పిలుస్తుంది, ఆయన పలుకుతాడు. మొన్న ఆయన్ని పట్టుకున్నాను. "నడుస్తున్నప్పుడు మాట్లాడితే పడతారా, ఇది శాస్త్రమా, నా కోపమా?" అన్నాను. ఆయన నవ్వలేదు. నన్ను నిలబెట్టాడు. "ఇక్కణ్ణుంచి ఆ తలుపుదాకా నడవండి." నడిచాను, పదకొండు సెకన్లు. "ఇప్పుడు నూరులోంచి మూడేసి తీసేస్తూ, పైకి చెబుతూ నడవండి." ఇదేం పరీక్ష, నేను మిల్లులో ఆరు వందల బాబిన్లు నోటితో లెక్కపెట్టినదాన్ని అన్నాను. తొంభై ఏడు, తొంభై నాలుగు, తొంభై ఒకటి, ఎనభై ఎనిమిది. లెక్క ఒక్కటి తప్పలేదు. తలుపు దగ్గర తిరిగి చూస్తే ఆయన నా పక్కనే ఉన్నాడు, రెండు చేతులూ నా నడుముకు ఇటూ అటూ, తగలకుండా, పసిపిల్ల వెనక పట్టినట్టు. పంతొమ్మిది సెకన్లట. రెండుసార్లు పక్కకి తూలానట. నాకు తెలియనే లేదు. అదే నన్ను భయపెట్టింది. తూలడం సరే, తెలియకపోవడం. "వయసులో ఉన్నప్పుడు నడక దానంతటది జరుగుతుంది పెద్దమ్మా, మెదడుకి దాని మీద ధ్యాస అక్కర్లేదు. ఇప్పుడు ప్రతి అడుగుకీ కొంచెం ధ్యాస కావాలి. ఉన్న ధ్యాస ఒకటే. లెక్కకిస్తే కాలికి తగ్గుతుంది." "అంటే నేను ముసల్దాన్నయ్యానని ఇంత పొడుగ్గా చెబుతున్నావు." "మీరు లెక్క తప్పకూడదని పట్టుబట్టారు, అదీ సంగతి. కొంతమంది లెక్క వదిలేసి కాలు చూసుకుంటారు, వాళ్లు నయం. ఇంకొంతమంది ఆగిపోయి జవాబు చెబుతారు, వాళ్లు ఇంకా నయం." పట్టుబట్టానట. నా బతుకంతా అదే కదా నాయనా. సాధన చేస్తే కొంత మెరుగవుతుందన్నాడు, పక్కన మనిషి ఉండగా, గోడ అందుబాటులో ఉండగా, మెల్లమెల్లగా. రోజూ పొద్దున చేస్తున్నాను, వంటగది గట్టు పట్టుకుని, కూరగాయల పేర్లు వెనకనుంచి చెబుతూ. కానీ సాధన వేరు, మనిషి మోచెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్లడం వేరు.

కుర్చీలు ఎత్తేశాక ఈ వరండాలో వదినతో కలిపి నలుగురు పడ్డారు. నాకెలా తెలుసంటే ఊడ్చే ఆవిడ చెప్పింది, ఆవిడకి తెలియనిది ఈ భవనంలో లేదు. నలుగురి కాగితాల్లోనూ అజాగ్రత్తే రాశారు. నలుగురికీ ఒక్క మాటే ఎలా సరిపోయింది? మిగతా ముగ్గురూ సంతకం పెట్టి ఇంటికెళ్లారు. ఇవాళ వదిన కూడా పెడితే అదిక పద్ధతైపోతుంది, ఐదోవాడికి కాగితం ముందే అచ్చువేసి ఉంచుతారు. వదినకి పద్ధతి గొడవ లేదు. ఆవిడ నిజంగానే నమ్మింది తప్పు తనదేనని. నిన్న ఇద్దరు నర్సులు లేపి నిలబెట్టబోతే మంచం చువ్వ వదల్లేదు. "నాకు నడవడం రాదమ్మా ఇంక, నేను అజాగ్రత్త మనిషిని" అంది. ముప్ఫై ఏళ్లు ఒక్క పోగు వదలని మనిషి. ఆ ఒక్క మాట ఆవిడ కాళ్లలోకి దిగింది. రాడ్డు వేసిన డాక్టరు దాన్ని బయటికి తియ్యలేడు. రాసినవాళ్లే కొట్టెయ్యాలి.

వాళ్లబ్బాయి, నా మేనల్లుడు, వదిలెయ్యమంటున్నాడు. సిటీ బస్సు డ్రైవరు, నలభై ఆరేళ్లు, బస్సు ఎంత మెల్లగా నడుపుతాడో మాట అంత మెల్లగా ఆడతాడు. నిన్న సాయంత్రం వార్డు బయట అన్నాడు, "అత్తా, సంతకం పెట్టేస్తే ఎల్లుండి పంపించేస్తారు. నువ్వు గొడవ పెడితే అమ్మని సరిగ్గా చూడరు." భయం వాడిది. వాడి భయాన్ని నేను కాదనను. "నీ బస్సులో నీ సీటు వెనక ఏం రాసుంది రా?" అన్నాను. "ఏం రాసుంది?" "రోజూ వీపు ఆనించే చోట ఏం రాసుందో తెలీదా?" "డ్రైవరుతో మాట్లాడకండి అని." "ఎందుకు? నీకు మాట్లాడటం రాదనా?" అన్నాను. "నువ్వు నాలుగు చక్రాల మీద కూర్చుని నడుపుతావు, నీకు బోర్డు పెట్టారు. మీ అమ్మ రెండు కాళ్ల మీద డెబ్బై నాలుగేళ్ల ఒంటిని నడుపుతోంది. ఆవిడకేది బోర్డు?" "నువ్వు గెలవడానికే పుట్టావత్తా" అన్నాడు. "గెలవడానిక్కాదు, నస పెట్టడానికి" అన్నాను. వదిన లోపల్నుంచి పెదాలతో ఏదో అంది. దూరం నుంచి చదివాను. టీ తెమ్మంటోంది.

పదీ నలభై. మొదటి మాట మళ్లీ ఒకసారి. పడేసింది మీరే, నేల తడిగా లేదు, చెప్పులు... ఈ మాటలు పొద్దున ఇంట్లోంచి వస్తూ కూడా చెప్పుకున్నాను. మెట్లు దిగుతూ. ప్రతి మెట్టుకూ ఒక వాక్యం, ఎంత బాగా కుదిరిందో, నాలో నేనే చప్పట్లు కొట్టుకుంటున్నాను, కింద ఇంకో మెట్టుందని కాలికి తెలియలేదు. పక్కనున్న రెయిలింగు పట్టుకున్నాను, భుజం గోడకు కొట్టుకుంది, అంతే, పడలేదు. ఇప్పటికీ సలుపుతోంది. నడుస్తూ మాట్లాడితే పడతారని చెప్పబోయే ఉపన్యాసాన్ని నడుస్తూ తయారుచేసుకుని పడబోయాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నవ్వండి. యాభై ఏళ్లుగా నేను నడుస్తూనే ఆలోచించాను, ఊరేగింపుల్లో ముందు నడుస్తూ నినాదాలు అల్లాను, ఆ కాళ్లు వేరు. ఆ మెట్టు మీదే నిర్ణయం తీసుకున్నాను, ఇకమీదట నడిచేటప్పుడు నడుస్తాను, మాట్లాడేటప్పుడు ఆగుతాను. నన్ను ఆగనివ్వని చోట కదలను. ఓటమిలా అనిపించింది ఒక నిమిషం. తర్వాత మిల్లు గేటు గుర్తొచ్చింది. ఆ రోజు కూడా మేం చేసింది ఆగడమే కదా.

ఎవరో పక్కన కూర్చున్నారు. ఊదా కోటు. మాస్కు కిందికి లాగింది, ముప్ఫై ఐదేళ్లుంటాయి, కళ్ల కింద నలుపు. నాకు అర్థమైంది, ఆ రోజు వదిన మోచెయ్యి పట్టుకున్నది ఈ చెయ్యే. "పెద్దమ్మా, మీరు అర్జీ పెట్టారట. పేషెంటు తప్పు లేదంటే నా తప్పని రాస్తామన్నారు. ఇద్దరు పిల్లలు నాకు." ఏడవడం లేదు, ఏడ్చి వచ్చింది. నా మొదటి అర్జీలో ఈమె కోటు మీది నంబరే రాశాను. ఆ రోజు రాత్రి కోపంలో, ఈమెను తీసేయాలని, పెద్ద అక్షరాలతో. పంపలేదు గానీ రాసిన మాట నిజం. "రోజుకెంతమంది?" అన్నాను. "అరవై. తగ్గితే మర్నాడు ఎందుకు తగ్గిందో రాసివ్వాలి." "నువ్వు కూర్చునేదెప్పుడు?" నా మొహం చూసింది, ఇలాంటి ప్రశ్న కూడా ఉంటుందా అన్నట్టు. "ఆ రోజు ఆవిడ ఆగబోయింది పెద్దమ్మా. నాకు తెలిసింది, చేతికి బరువు తగిలింది. కానీ నేను..." నాకు ఈమె మేస్త్రీ కాదు. ఈమె చేతిలో కూడా నాలుగు ఫ్రేములు పెట్టారు. ఈమె మీద రాస్తే ఊదా కోటు ఇంకొకరు వేసుకుంటారు, మోచెయ్యి ఇంకొకరిది దొరుకుతుంది. "లేచి నిలబడు, నా పక్కనే ఉండు, ఏం మాట్లాడకు" అన్నాను. "మాస్కు తీసే ఉంచు, నీ మొహం నాక్కనపడాలి."

పదకొండుకి ఐదు నిమిషాలుందనగా చివరి గది తలుపు తెరుచుకుంది. నన్ను పిలవడానికి ఎవరో వస్తారనుకున్నాను, ఆయనే వచ్చేశాడు. సూపరింటెండెంటు. చంకలో ఫైలు, చేతిలో ఫోను, జుట్టుకు రంగు. అరవైకి ఇంకా ఒకటో రెండో ఉండొచ్చు. "అర్జీ మీదేనా? రండి రండి, నాకు పైన రౌండుంది, నడుస్తూ మాట్లాడుకుందాం." నా పక్కనుంచి నాలుగు టైల్స్ ముందుకెళ్లి వెనక్కి చూశాడు. నేను లేచి నిలబడ్డాను. నిలబడే ఉన్నాను. మోకాళ్లు రెండూ బిగించి, పాదాలు వెడల్పుగా పెట్టి, గడియారం నేర్పినట్టు.

"రండమ్మా."

"రాను. నడవమంటే నడుస్తాను, మాట్లాడమంటే మాట్లాడతాను. రెండూ ఒకేసారి అడక్కండి. అడిగితే ఏమవుతుందో పైన ఆరో నంబరు మంచం మీద ఉంది."

"నాకు టైం లేదమ్మా, మొండికేస్తే ఎలా?"

"అయితే మీరే నడవండి. ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆగకుండా, ఫోను చూడకుండా, నడుస్తూనే జవాబు చెప్పండి. చెబితే ఈ కాగితం మీద మా వదినతో ఇప్పుడే సంతకం పెట్టించి తెస్తాను."

అనేశాను. నోట్లోంచి వచ్చేసింది. చెప్పేస్తే? చదువుకున్న మనిషి, చెప్పేస్తాడేమో. వదిన సంతకం పందెం కాశానే, నాదా అది కాయడానికి? ఊదా కోటు ఆవిడ ఊపిరి నా చెవికి తగులుతోంది. గొడుగాయన మలుపు దగ్గర్నుంచి చూస్తున్నాడు. ఊడ్చే ఆవిడ చీపురు ఆగింది. ఆయన నవ్వాడు, చిన్నపిల్లల పేచీకి నవ్వినట్టు. "అడగండి" అంటూ నడక మొదలుపెట్టాడు.

"మీ ఆవిడ ఫోన్ నంబరు."

"తొమ్మిది, ఎనిమిది," ఒక టైలు, రెండు టైల్స్, "నాలుగు... తొమ్మిది ఎనిమిది నాలుగు..." అడుగు పొట్టిదైంది. బొటనవేలు ఫోను మీద దానంతటది కదిలింది. ఇంకో అడుగు, అందులో సగం. తల పైకి లేచింది, పైకప్పు వైపు, గొడుగాయన చూసిన వైపే, అక్కడేమీ రాసి లేదు. ఆగాడు. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి, వరండా మధ్యలో, చంకలో ఫైలుతో, ఆగిపోయాడు.

నేను గట్టిగా అనలేదు. సైరన్ అవసరం రాలేదు. "ఆగారు" అన్నాను.

"గుర్తు తెచ్చుకుంటున్నానమ్మా."

"అవును, అందుకే ఆగారు. మంచి పని చేశారు. మీ మోచెయ్యి పట్టుకుని ఎవరూ లాగలేదు కాబట్టి ఆగగలిగారు. మా వదిన రెండుసార్లు ఆగబోయింది, ఆగనివ్వలేదు. చెప్పండి, మీది అజాగ్రత్తా?"

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చూపు నా పక్కకి జరిగింది, ఊదా కోటు మీదికి. "సరే, పేషెంటు తప్పని తీసేద్దాం. సిబ్బంది నిర్లక్ష్యం అని..."

"రాయరు. ఆ అమ్మాయి పేరు ఆ కాగితంలో పడితే రేపు ఈ టైల్స్ మీద నేను కూర్చుంటాను, పడిన నలుగురి ఇళ్లవాళ్లనూ తెచ్చి కూర్చోబెడతాను. లేవమని అడగడానికి మీరే వంగాల్సొస్తుంది, మీ మోకాళ్లు కూడా అంత బాగా ఉన్నట్టు లేవు." ఊడ్చే ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయన పెదవి కొన కూడా కదిలింది, నేను చదివాను, పెదాలు చదవడం నా పని. కానీ నేను నవ్వలేదు. సంచీలోంచి కాగితం తీశాను, ఆయన నా దగ్గరికి రావాలి, నేను కదలను, వచ్చాడు, నాలుగు టైల్స్ వెనక్కి నడిచి. కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఇంట్లోంచి తయారుచేసుకుని వచ్చిన మాటలన్నీ ఎటో పోయాయి, పోనివ్వండి, కావలసినవి నిలబడ్డ కాళ్లలోంచే వచ్చాయి.

"అజాగ్రత్త అన్న మాట కొట్టెయ్యండి. నలుగురి కాగితాల్లోనూ కొట్టెయ్యండి. దాని చోట, నడుస్తున్న మనిషిని ఆగనివ్వకుండా ప్రశ్నలు అడిగినందువల్ల పడిపోయారు అని రాయండి. కొట్టేసిన కాగితం మీరే పైకి తీసుకెళ్లి, మాస్కు లేకుండా, ఆవిడ మొహంలోకి చూస్తూ చదివి వినిపించండి. ఆవిడ మళ్లీ నిలబడాలంటే ఆ మాట మీ నోటి మీద చూడాలి. గేటు దగ్గర కుర్చీలు ఇవాళే వెయ్యండి, స్టోర్‌రూంలోనే ఉన్నాయి, తాళం ఎవరి దగ్గరుందో ఈ ఊడ్చే ఆవిడకి తెలుసు. కూర్చోబెట్టి అడగండి. నడిచేవాళ్లను నడవనివ్వండి, ఆగినవాళ్లను ఆగనివ్వండి, మోచేతుల మీంచి చేతులు తీయించండి. ఈ బోర్డు దించండి. నడక పని, ఖాళీ సమయం కాదు. రేపు, చూద్దాం, కమిటీ, ఈ మాటలు నా దగ్గర వద్దు. ఇప్పుడే. ఇదిగో పెన్ను, పొద్దున మా వదిన చేతిలోంచి లాక్కున్నది. నిలబడి రాయకండి, తప్పులు దొర్లుతాయి. ఒక కుర్చీ తెప్పించుకోండి. కూర్చుని రాయండి."